అబ్బా దిమాగ్ వయసు

ఇషా నమాజ్ అయింది. దస్తర్‌ఖాన్ తీసేశాం. ఆ రాత్రి మా అబ్బా దిమాగ్ వయసు ఎనభై అని తేలింది. అప్పటికి ఆయన అసలు వయసు అరవై ఏడు. తేల్చింది ఏ హకీం సాబో, డాక్టర్ సాబో కాదు. చేతిలో పట్టుకుని ఆడే ఒక ఆట.

ఈ సంగతి ఇన్నేళ్లు ఎవరికీ చెప్పలేదు. చెప్పాలంటే ముందు నా గలతీ ఒప్పుకోవాలి. ఈ మధ్య ఒక దోస్త్ తన అమ్మీ కోసం ఫోన్‌లో దిమాగ్‌కి కసరత్ చేయించే యాప్ వేయించానని, రోజూ ఆమె మార్కులు చూసుకుంటున్నానని ఖుషీగా చెప్పాడు. ఇక దాచుకోవడం మంచిది కాదనిపించింది.

2008 రంజాన్‌కి జెద్దా నుంచి మా తమ్ముడు వచ్చాడు. గల్ఫ్ నుంచి వచ్చినవాళ్ల సూట్‌కేసు తెరిచే వేళ ఎట్లా ఉంటుందో మీ ఇళ్లలోనూ చూసే ఉంటారు. జానమాజులు, ఖజూర్ డబ్బాలు, అత్తరు సీసాలు, పిల్లల బట్టలు ఒక్కొక్కటే బయటికొస్తాయి. ఎవరి పేరు ఎప్పుడొస్తుందా అని అందరి కళ్లూ అందులోనే. అన్నీ పంచాక అడుగు నుంచి ఒక తెల్లటి పెట్టె తీశాడు. తెరిస్తే రెండు తెరలు, ఒక చిన్న ప్లాస్టిక్ పుల్ల.

"అబ్బా, యే ఆప్ కే వాస్తే."

"ఖిలోనా? ఇస్ ఉమర్ మే?" అబ్బా నవ్వారు. "బచ్చోంకు దేవ్ మియా."

"ఖిలోనా నై అబ్బా. దిమాగ్ కీ కసరత్ హై."

అది నింటెండో డీఎస్. అందులో పెట్టిన ఆట పేరు 'బ్రెయిన్ ఏజ్'. 2005లో జపాన్‌లో, ఆ మరుసటి ఏడాది అమెరికాలో, యూరప్‌లో వచ్చింది. సెండై నగరంలోని తోహోకు యూనివర్సిటీలో మెదడు మీద పనిచేసే ర్యూటా కవాషిమా అనే ప్రొఫెసర్ దిమాగ్‌కి కసరత్ ఎట్లా చేయాలో ఒక పుస్తకం రాశాడు. జపాన్‌లో అది మస్తుగా అమ్ముడుపోయింది. దాన్ని చేతిలో పట్టే ఆటగా మార్చారు. లోకమంతా కలిపి ఒక కోటీ 90 లక్షల దాకా కొన్నారు. అంతవరకు వీడియో గేమ్ ముట్టని బుజుర్గులు కూడా కొన్నారు.

ఆట ఎట్లా ఉంటుందంటే, పెట్టెని నిలువుగా, పుస్తకం విప్పినట్టు పట్టుకోవాలి. ఒక పేజీలో ప్రశ్న కనిపిస్తుంది. రెండో పేజీ మీద పుల్లతో జవాబు రాయాలి. ఇరవై చిన్న లెక్కలు గబగబా చేయాలి. పైకి చదవాలి. పదాలు చూసి యాద్ పెట్టుకుని మళ్లీ రాయాలి. ఇంకొకటి రంగుల పరీక్ష. 'నీలం' అన్న మాట ఎరుపు రంగులో రాసి ఉంటుంది. మాట చదవొద్దు, రంగు పేరు పైకి చెప్పాలి. పెట్టెలోని మైకు వింటుంది. చివర్లో ఆ ప్రొఫెసర్ తలకాయ బొమ్మ తెర మీద తేలుతూ వచ్చి మీ దిమాగ్ వయసు ఇంత అంటుంది. అన్నిటికన్నా మంచిది ఇరవై. అన్నిటికన్నా చెడ్డది ఎనభై.

అబ్బా ముందు దాన్ని ఉర్దూ కితాబ్‌లా తిప్పి పట్టుకున్నారు. ప్రశ్న తలకిందులైంది. పిల్లలు నవ్వారు. తమ్ముడు సరిచేసి ఇచ్చాడు. రంగుల పరీక్షలో అబ్బా 'నీలా', 'లాల్' అన్నారు. పెట్టెకి 'బ్లూ', 'రెడ్' కావాలి. అది మళ్లీ మళ్లీ అడిగింది. లెక్కలు మొదలుపెట్టారు. ఒక్కొక్క జవాబు రాయడం, పెట్టె తప్పు అనడం, ఆయన చెరిపి మళ్లీ అదే రాయడం, అది మళ్లీ తప్పు అనడం. ఆఖరికి ఎనభై వచ్చింది.

తమ్ముడు "పహ్లా దిన్ హై" అని నవ్వేశాడు. నేను నవ్వలేదు. నాకు లోపల ఒక డర్ అప్పటికే ఉంది.

రెండు మూడు నెలల్నుంచి అబ్బా ఒకే కిస్సా ఒకే పూటలో రెండుసార్లు చెప్తున్నారు. ముప్ఫై ఏళ్లుగా తెలిసిన ప్రెస్ మాలిక్ పేరు నోటికి రాక "వో... ఉనో" అంటూ ఆగిపోయారు. చాయ్ తాగి, ఇంకా చాయ్ రాలేదేమని అడిగారు. వయసైపోయింది కదా అని సర్దుకుంటున్నాను. ఎనభై అన్న అంకె చూడగానే నా డర్‌కి ఒక రశీదు దొరికినట్టయింది.

ఆ వారమే దుకాణ్ హిసాబ్ కితాబ్ నేను తీసుకున్నాను. గిరాకీల దగ్గర అడ్వాన్సు డబ్బు అబ్బా పట్టుకోవద్దని చెప్పాను. రోజూ అసర్ తర్వాత ఆయన్ని కూర్చోబెట్టి ఇరవై లెక్కలు చేయించాను. పక్కన నిలబడి ఇస్కూల్ సారులా చూస్తుండేవాణ్ణి. ఒక రోజు ఆయన పుల్ల పక్కన పెట్టి, నా మొహం చూడకుండా అన్నారు:

"బేటా, పోతే పోతియోం కే సామ్‌నే నక్కో."

మనవలు మనవరాళ్ల ముందు వద్దు అని. నేను గది తలుపు దగ్గరగా వేసి, లెక్కలు మాత్రం చేయించాను.

మా అబ్బా ఎవరో చెప్పకపోతే మీకు ఈ మాట బరువు తెలియదు. ఆయన కాతిబ్. ఛత్తా బజార్‌లో నలభై ఏళ్లు రాశారు. పత్తర్‌గట్టీ దగ్గర లోపలికి తిరిగితే ఆ బజార్ మీకు తెలిసే ఉంటుంది. పెళ్లి రుక్కాలు, కేలండర్లు, దుకాణ్ బోర్డులు, ముషాయిరా పోస్టర్లు, పట్నంలో ఏది అచ్చు కావాలన్నా అక్కడికే. బటర్ పేపర్ పరిచి, వెదురు ఖలమ్ చెక్కుకుని, సియాహీలో ముంచి రాసేవారు. నస్తాలీఖ్‌లో ప్రతి అక్షరానికీ కొలత ఉంటుంది. ఆ కొలత స్కేలుతో కాదు, అదే ఖలమ్ పెట్టే చుక్కతో. అలిఫ్ ఎత్తు మూడు నుక్తాలు. అబ్బా చుక్కలు పెట్టి కొలవడం నేనెప్పుడూ చూడలేదు. చేయే కొలిచేది.

ఒక రుక్కాలో దుల్హా దుల్హన్ పేర్లు, వాళ్ల అబ్బాల పేర్లు, దాదాల పేర్లు, తారీఖు, ఇస్లామీ తారీఖు, ఫంక్షన్ హాలు, నిఖా టైము అన్నీ ఉంటాయి. ఒక్క నుక్తా అటు ఇటైతే ఖాన్‌దాన్ పరువు పోతుంది. 1990ల చివరికల్లా ఉర్దూ కూడా కంప్యూటర్లోకి ఎక్కింది. కాతిబుల చేతుల్లో పని పోయింది. చాలామంది బజార్ వదిలారు. అబ్బా వదల్లేదు. కంప్యూటర్ పిల్లలు కొట్టిన రుక్కాలకి తస్‌హీహ్ చేసేవారు. తప్పులు పట్టేవారు. అట్లాంటి మనిషి చేతికి నేను ప్లాస్టిక్ పుల్ల ఇచ్చి ఏడు ప్లస్ ఒకటి ఎంత అని అడిగాను.

అసలు సంగతి కనిపెట్టింది నా బేటీ. అప్పుడు దానికి తొమ్మిదేళ్లు. ఒక సాయంత్రం తలుపు తోసుకుని లోపలికొచ్చి, దాదా భుజం మీద గడ్డం ఆనించి చూస్తోంది.

"అబ్బూ, దాదా సహీ లిఖ్ రై. మషీన్‌కు నై ఆరా."

"క్యా నై ఆరా?"

"యే మేరే సిపారే కే నంబరా హై నా!"

దాని సిపారా పేజీల మీద ఉండే అంకెలు. అప్పుడు చూశాను. మూడు వారాలు పక్కన నిలబడి తెర చూశానే గానీ ఆయన చేయి చూడలేదు. అబ్బా ఉర్దూ అంకెల్లో రాస్తున్నారు. ఎనిమిది అంటే కప్పు మీది వాసాల్లా వాలిన రెండు గీతలు. అయిదు గుండ్రంగా, తెలియనివాళ్లకి సున్నాలా కనబడుతుంది. సున్నా అంటే ఒట్టి చుక్క. ఒకటీ తొమ్మిదీ మాత్రమే ఇంగ్లీషు అంకెలకి దగ్గరగా ఉంటాయి. పది అని రాయడానికి ఆయన ఒక గీత గీసి పక్కన చుక్క పెట్టారు. పెట్టె దాన్ని ఒకటి అనుకుంది.

అబ్బాకి ఇంగ్లీషు అంకెలు రాక కాదు. నోటు చూసి, బస్సు నంబరు చూసి చదువుతారు. కానీ తొందరలో హిసాబ్ చేస్తే చేయి నలభై ఏళ్ల అలవాటు దారినే పోతుంది. మీరు భయపడినప్పుడు ఏ భాషలో అరుస్తారో ఆలోచించండి. ఇదీ అంతే.

పెట్టె తప్పు ఇందులో ఏమీ లేదు. తనకి ఉర్దూ అంకెలు వచ్చని అది ఎవరితోనూ అనలేదు. వచ్చిన నేను ఉండి, చూడలేదు.

"బోల్‌నా థా నా అబ్బా," అన్నాను.

"మై సమ్ఝా, మేరీచ్ గలతీ హోంగీ," అన్నారు. తప్పు తనదే అయి ఉంటుందనుకున్నారట. ఊరందరి తప్పులూ దిద్దిన మనిషి.

ఆ రాత్రి నా బేటీ ఒక పాత రుక్కా వెనకవైపు సున్నా నుంచి తొమ్మిది దాకా పెద్ద పెద్ద ఇంగ్లీషు అంకెలు రాసింది. అబ్బా దానికింద వరసగా ఉర్దూ అంకెలు రాశారు. ఆ కాగితం ఎదురుగా పెట్టుకుని ఆడటం మొదలుపెట్టారు. రంగుల పేర్లు కూడా అదే నేర్పింది. "దాదా, బ్లూ బోలో, నీలా నక్కో."

ఇక చూడండి. లెక్కలు ఎంత వేగంగా చేశారో చెప్పడానికి ఆ ఆటలో నడిచే మనిషి, సైకిల్, కారు, రైలు, అట్లా రాకెట్ దాకా బొమ్మలున్నాయి. అబ్బా నడక నుంచి సైకిలెక్కారు. సైకిల్ నుంచి కారెక్కారు. ఆడిన ప్రతి రోజుకీ కేలండర్ మీద ఒక ముద్ర పడుతుంది. ఆయన ముద్రలు వరసగా నిండాయి. ఎనభై డెబ్భై ఒకటైంది. అరవై నాలుగైంది. చలికాలానికి యాభై రెండుకి దిగింది. నేను జెద్దాకి ఫోన్ చేసి "అబ్బా జవాన్ హో గయే" అన్నాను. హిసాబ్ కితాబ్ తిరిగి ఆయన చేతిలో పెట్టాను. మాఫీ కూడా అడిగాను. ఆయన నా తల మీద చేయి వేసి నిమిరారు.

కిస్సా ఇక్కడ ఆగితే ఎంత బాగుండేది.

మరుసటి ఏడాది బక్రీద్‌కి మా ఆపా వచ్చింది. వారం రోజులుంది. పోయేముందు నన్ను వంటింట్లోకి పిలిచి మెల్లగా అంది: "అబ్బా మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో ఆగిపోతున్నరు. నిన్న అమ్మీ యేదీ అని అడిగిన్రు. డాక్టర్‌కి చూపిద్దాం రా."

అమ్మీ పోయి అప్పటికి అయిదేళ్లు.

నేనేం చేశానో తెలుసా? ఆ పెట్టె తెచ్చి ఆపా ముందు తెరిచాను. యాభై రెండు చూపించాను. "దేఖో, ఆయన దిమాగ్ నీకన్నా జరంత పెద్దది, అంతే" అని జోక్ చేశాను. ఆపా నవ్వింది గానీ కళ్లు నవ్వలేదు. డాక్టర్ మాట అక్కడితో అయిపోయింది.

2010 జనవరిలో ఒక సాయంత్రం అబ్బా ఇంటికి రాలేదు. ఛత్తా బజార్ నుంచి షా అలీ బండాలో మా ఇంటికి దారి ఏముంది? పత్తర్‌గట్టీ, గుల్జార్ హౌజ్, చార్మినార్, మక్కా మస్జిద్ దాటుకుని నేరుగా రావడమే. పట్నంలో కొత్తవాళ్లు కూడా తప్పిపోని దారి. మగ్రిబ్ అయింది, ఇషా అయింది. నేను, నా బేగం, గల్లీ పిల్లలు తలో దిక్కూ వెతికాం. రాత్రి పదింటికి ఒక చాయ్ హోటల్ అతను ఫోన్ చేశాడు. అబ్బా చార్మినార్ దగ్గర లాడ్ బజార్ వైపు తిరిగి, అటే నడుచుకుంటూ పోయి, మహబూబ్ చౌక్‌లో గడియార స్తంభం కింద కూర్చున్నారట. నేను వెళ్లేసరికి చలికి ముడుచుకుని ఉన్నారు. పక్కనే మనుషులు తిరుగుతున్నారు. ఎవరినైనా అడగకపోయారా అన్నాను.

"షరం ఆయి బేటా."

నలభై ఏళ్లు నడిచిన దారి అడగడానికి సిగ్గయిందట. ఆ పొద్దున్నే ఆయన లెక్కలు చేసి కారు బొమ్మ తెచ్చుకున్నారు.

మర్నాడు ఆస్పత్రికి తీసుకెళ్లాం. డాక్టరమ్మ తెలుగులో అడిగింది, ఉర్దూలో అడిగింది. ఈ రోజు ఏ వారం, మనం ఎన్నో అంతస్తులో ఉన్నాం, నూట్లోంచి ఏడు తీసేస్తూ పొండి. తర్వాత తెల్ల కాగితం ఇచ్చి, గడియారం బొమ్మ వేయమంది. పదకొండు దాటి పది నిమిషాలు చూపించమంది.

అబ్బా గుండ్రం గీశారు. కంపాస్ లేకుండా అంత సొంపైన గుండ్రం ఆ డాక్టరమ్మ చూసి ఉండదు. లోపల ఉర్దూ అంకెలు వేశారు. ప్రతి అంకె రుక్కా మీద వేసినంత అందంగా ఉంది. కానీ ఒకటి నుంచి పన్నెండు దాకా మొత్తం కుడి సగంలోనే ఇరుక్కున్నాయి. ఎడమ సగం ఖాళీ. ముల్లు ఒక్కటే ఉంది.

నేను గాభరాగా అన్నాను: "మేడం, అవి ఉర్దూ నంబర్లు..."

"తెలుసండీ. అంకెలన్నీ సరైనవే. చోటు తప్పింది," అన్నది. ఆమె నా అబ్బా చేయి చూస్తూ ఉంది మొదట్నుంచీ. "ఎన్నాళ్లుగా ఇట్లా ఉంది?"

"ఏడాదిన్నర..."

"మరి ఇన్నాళ్లు ఎందుకు ఆగారు?"

ఆటలో యాభై రెండు వచ్చింది మేడం అని చెప్పలేకపోయాను. స్కాన్లు, రక్త పరీక్షలు అయ్యాక అల్జైమర్స్ అన్నారు. ముందే తెచ్చి ఉంటే జబ్బు పోయేదా అని అడిగాను. పోయేది కాదని చెప్పారు. మందులు ముందు మొదలయ్యేవి, దారి తప్పకుండా ముందే జాగ్రత్త పడేవాళ్లం, ఆయనకి తన సంగతి తెలిసి మాట్లాడగలిగిన రోజుల్లోనే అన్నీ మాట్లాడుకునేవాళ్లం. అది చాలదా? ఆ ఏడాదిన్నర ఇప్పటికీ నా గొంతులో ఉంది.

తర్వాత నేను చదవడం మొదలుపెట్టాను. అదే ఏడాది ఏడ్రియన్ ఓవెన్ అనే పరిశోధకుడు, సాథీలు కలిసి 'నేచర్' పత్రికలో ఒక పరీక్ష ఫలితాలు అచ్చేశారు. బీబీసీ ద్వారా జనాన్ని పిలిచి, 11,430 మందితో ఆరు వారాలు కంప్యూటర్ మీద దిమాగ్ కసరత్‌లు చేయించారు. అందరూ తాము ఆడిన ఆటల్లో మెరుగయ్యారు. ఆడని వేరే పరీక్షలు పెడితే, వాటికి దగ్గరగా ఉన్నవాటిలో కూడా ఆ లాభం కనబడలేదు. వాళ్లు అరవై లోపు ఆరోగ్యవంతులు, మా అబ్బా లాంటివాళ్లు కాదు. అయినా ఆ నాలుగు మాటల్లో మా ఇంటి కిస్సా మొత్తం ఉంది. ఎనభై నుంచి యాభై రెండుకి వచ్చింది అబ్బా దిమాగ్ కాదు. ఆయన ఇంగ్లీషు అంకెలు వేయడంలో, ఆ పుల్లతో రాయడంలో ఉస్తాద్ అయ్యారు, అంతే. మొదటిసారి ఆయన్ని ముసలివాణ్ణి చేసిన అంకెనీ నమ్మాను. రెండోసారి జవాన్ చేసిన అంకెనీ నమ్మాను. ఆ రెండుసార్లూ మనిషి నా ఎదురుగానే ఉన్నారు.

ఇట్లాంటి ఆశ నా ఒక్కడిదే కాదు. 2016 జనవరిలో అమెరికా సర్కారువారి ఫెడరల్ ట్రేడ్ కమిషన్, లుమోసిటీ అనే దిమాగ్ ఆటలు అమ్మేవాళ్ల మీద కేసు వేసింది. మతిమరుపు, డిమెన్షియా ఆలస్యం చేస్తాయన్నట్టు సబూత్ లేకుండా ప్రచారం చేశారని ఆరోపణ. వాళ్లు 20 లక్షల డాలర్లు కట్టి రాజీ చేసుకున్నారు.

ప్రొఫెసర్ కవాషిమా గురించి కూడా ఇన్సాఫ్‌గా చెప్పాలి. ఆయన ఆటకి ముందే జపాన్‌లో డిమెన్షియా ఉన్న బుజుర్గులతో చిన్న లెక్కలు, పైకి చదవడం చేయించాడు. అయితే అది కాగితాల మీద. బుజుర్గు ఎదురుగా ఒక మనిషి కూర్చుంటాడు, కాగితం ఇస్తాడు, చదివింది వింటాడు, బాగా చేశావంటాడు. నేను దుకాణంలో అమ్మే పెట్టె పట్టుకున్నాను గానీ, ఎదురుగా కూర్చునే ఆ మనిషి కావాలన్నది పట్టుకోలేదు. మా ఇంట్లో ఆ పని తెలియకుండానే చేసింది తొమ్మిదేళ్ల పిల్ల.

ఇంకో సంగతి. ఇది మన పట్నానిదే. 2013 నవంబర్‌లో 'న్యూరాలజీ' పత్రికలో మన నిమ్స్ డాక్టర్లు, సువర్ణ అల్లాడి గారు, మిగతావాళ్లు, ఎడిన్‌బరో నుంచి థామస్ బాక్ అనే ఆయన కలిసి ఒక పరిశోధన అచ్చేశారు. డిమెన్షియా వచ్చిన 648 మంది రికార్డులు చూశారు. అందులో 391 మందికి రెండు లేదా అంతకన్నా ఎక్కువ భాషలు వచ్చు. తెలుగు, ఉర్దూ, హిందీ, ఇంగ్లీషు, మనం రోజూ కలిపి మాట్లాడేవే. ఒకే భాష వచ్చినవాళ్ల కన్నా వీళ్లకి జబ్బు సగటున నాలుగున్నర ఏళ్లు ఆలస్యంగా మొదలైంది. బడికి పోనివాళ్లలో కూడా ఈ తేడా కనిపించింది. అంటే ఇది డిగ్రీల మహిమ కాదు. మూడో భాష, నాలుగో భాష వస్తే ఇంకా ఎక్కువ లాభం అని మాత్రం తేలలేదు.

దీన్ని కూడా తావీజులా కట్టుకోవద్దు. ఇది సగటు లెక్క. ఇది రాకుండా ఆపుతుందని ఎవరూ అనలేదు. మా అబ్బాకి రెండు భాషలూ వచ్చు, జబ్బూ వచ్చింది. కానీ చదివినప్పుడు నాకు మా ఇల్లు గుర్తొచ్చింది. అమ్మీది భువనగిరి. ఆమెకి కోపం వస్తే తెలుగు, ప్రేమ వస్తే తెలుగు. అబ్బా ఆమె దగ్గరే తెలుగు నేర్చుకున్నారు. దుకాణ్‌లో ఒక గిరాకీతో ఉర్దూ, పక్క గిరాకీతో తెలుగు, ప్రెస్ పిల్లలతో రెండూ కలిపి. ఒకటి ఆపి ఇంకొకటి తీయడం, మళ్లీ దీన్ని ఆపి దాన్ని తీయడం. రోజుకి ఎన్ని వందలసార్లో. దానికి కేలండర్ మీద ముద్రలు వేసినవాళ్లు లేరు.

జబ్బు పేరు తెలిశాక మేం పెట్టె అల్మారాలో పెట్టేశాం. నా బేటీ ఊరుకోలేదు. "దాదా, ఔర్ క్యా ఖేల్ ఆతా ఆప్‌కు?" అని అడిగింది. అబ్బా కాసేపు ఆలోచించి "బైత్‌బాజీ" అన్నారు. ఒకరు షేర్ చదివితే, దాని చివరి అక్షరంతో మొదలయ్యే షేర్ రెండోవాళ్లు చదవాలి. పాత రోజుల్లో ముషాయిరా పోస్టర్లు రాసిన చేయి కదా, వందల షేర్లు నోటికి వచ్చు. పొద్దున్న తిన్నది యాద్ లేదు గానీ అవి ఉన్నాయి. దీనికేమో షేర్లు రావు. ఇద్దరూ కలిసి కొత్త ఖానూన్ పెట్టుకున్నారు. దాదా షేర్ లామ్ మీద ఆగితే, అది 'ల'తో తెలుగు పాటో బడిలో నేర్పిన పద్యమో అందుకోవాలి. దాని పాట 'మ' మీద ఆగితే ఆయన మీమ్‌తో షేర్ తీయాలి. రోజూ మగ్రిబ్ తర్వాత ఆడేవాళ్లు. ఆయన ఒకే షేర్ అయిదారుసార్లు చదివినా ఇది కొత్తగా విన్నట్టే "వాహ్ దాదా" అనేది. ఎవరు గెలిచారని అడిగేవాళ్లు లేరు.

దానివల్ల జబ్బు ఆగిందా? లేదు. అబద్ధం చెప్పను. రెండేళ్లు బాగా ఆడారు. తర్వాత దాని పాటలకి జవాబు తగ్గింది. ముందు పోయింది తెలుగే. తర్వాత నేర్చుకున్న భాష ముందు జారిపోవడం ఈ జబ్బులో చాలామందికి జరుగుతుందని డాక్టరమ్మ చెప్పింది. నాకు అది వేరే రకంగా తగిలింది. నేను తెలుగులో రాసేవాణ్ణి. అబ్బాకి తెలుగు చదవడం రాదు, వినడమే. ప్రతి జుమ్మా నమాజ్ అయ్యాక నేను రాసింది ఆయనకి చదివి వినిపించేవాణ్ణి. ఉర్దూ మాటలు తప్పుగా వాడితే అక్కడే పట్టుకునేవారు. ఆ మాట అట్లా కాదు మియా, తలఫ్ఫుజ్ సరిచేసుకో అనేవారు. ఒక జుమ్మా నేను చదువుతుంటే ఆయన మర్యాదగా విని, ఆఖర్న అడిగారు: "బహుత్ అచ్ఛా హై సాబ్. యే కౌన్‌సీ జబాన్ హై?"

ఇది ఏ భాష అని. నన్ను సాబ్ అన్నారు.

ఆ తర్వాత వారం నుంచి నేను రాసింది ఉర్దూలో తిరిగి చెప్పడం మొదలుపెట్టాను. తడబడేవాణ్ణి. కొన్ని మాటలకి ఉర్దూలో నాకే జవాబు దొరికేది కాదు. ఆయన కళ్లు మూసుకుని వినేవారు. ఎప్పుడైనా ఒక మాట తప్పు పలికితే పెదవులు కదిలేవి. సరైన మాట వినీ వినపడకుండా అనేవారు. 2016లో అబ్బా పోయేదాకా మా జుమ్మా అట్లాగే సాగింది.

కాబట్టి నా దోస్త్‌కి చెప్పిందే మీకూ చెప్తున్నాను. మీ అమ్మీకి ఆ ఆట ఇష్టమైతే ఆడనివ్వండి, అందులో గునాహ్ ఏం లేదు. ఆమె పక్కన కూర్చోండి. ఆ మార్కులు చూసి ఆమె చేతిలోంచి తాళాలు గుంజుకోవద్దు. ఆ మార్కులు చూసి డాక్టర్ దగ్గరికి పోవడం వాయిదా వేయొద్దు. తెలిసిన దారి తప్పినా, పోయినవాళ్లు ఎక్కడని అడిగినా, ఒకే మాట పదే పదే అడుగుతున్నా, ఇంట్లో ఆపా లాంటి వాళ్లు ఎవరైనా "జర చూడు" అన్నా, ఆ వారమే వెళ్లండి. ఏ భాషలో ఆమె ఆలోచిస్తుందో డాక్టర్‌కి ముందే చెప్పండి.

ఆ పెట్టె ఇంకా మా అల్మారాలో ఉంది. బ్యాటరీ చచ్చిపోయింది. అంకెల కాగితం మాత్రం నా బేటీ దగ్గర ఉంది. పైన దాని వంకర ఇంగ్లీషు అంకెలు, కింద అబ్బా ఉర్దూ అంకెలు, వెనక్కి తిప్పితే ఎవరిదో పెళ్లి రుక్కా. తన ఖురాన్ జుజ్‌దాన్‌లో దాచుకుంది. మొన్న చూపించమంటే చూపించి, మళ్లీ జాగ్రత్తగా మడిచి పెట్టుకుంది.

ఇది చదివిన మీరంతా మా అబ్బా మగ్‌ఫిరత్ కోసం ఒక దువా చేయండి.